రాహుకాలంలో ఆగని నెట్

మా ఇంట్లో మూడు వాటాలకూ కలిపి ఒకటే నెట్ కనెక్షన్. ముందు వాటాలో మా అక్కా బావా, వెనక నేను, మేడ మీద అద్దెకు ఒకమ్మాయి. ఆ అమ్మాయిది టెక్కలి అవతల పల్లె. విశాఖపట్నం కంపెనీ ఉద్యోగం మా పలాసలో కూర్చునే చేసుకునేది. పాత రౌటర్ డబ్బా ఆమె పనికి చాలదని, ఆమె దిగిన వారమే నెట్ వాళ్లు గోడకి కొత్త డబ్బా బిగించారు. ఆ వారం నుంచే ఇల్లంతటికీ నెట్ పోవడం మొదలైంది.

ఇంకేం, దొంగ దొరికిపోయింది. మా బావది జీడిపప్పు వ్యాపారం. పుచ్చుపప్పుని గుప్పిట్లో పట్టి చెప్పేస్తానంటాడు. మనుషుల్నీ అలాగే తేల్చేస్తాడు.

"తలుపేసుకుని పొద్దస్తమానం హిందీలో ఎవులితో మాటాడతంది బావా? ఏటి లాగుతందో నీకు తెలుసా?" అన్నాడు.

తెలీదన్నాను. తెలీనప్పుడు నేరం మోపకూడదని కూడా అన్నాను. హేతువాద సంఘం మాటలు మీటింగులోనే చెప్పుకోమన్నాడు. నెలాఖరుకి వాటా ఖాళీ చేయాలని అక్క చేత కబురు పంపాడు. తన నోటితో చెప్పలేదు.

ఆ అమ్మాయి మెట్ల దగ్గర నన్ను ఆపింది. ఒంటరి ఆడపిల్లకి ఈ ఊళ్లో ఇల్లు దొరకడమే గగనమైందట. ఒకచోట పొమ్మన్నారని తెలిస్తే ఇంకెవరూ ఇవ్వరంది.

"నేనేం చేస్తున్నానో చెప్పండి బాబాయ్, మానేస్తాను."

నాకు ఒళ్లు మండింది. చేయని తప్పుని మానేస్తానని మనిషి చేత అనిపించడానికి మన దగ్గర సాక్ష్యం అక్కర్లేదు, అనుమానం చాలు.

ఒక పూట ఆమె లాప్‌టాప్ ఆపించాను. అయినా నెట్ పోయింది. నిన్న లాగిన దాని దెబ్బ ఇవాళ తగుల్తాదన్నాడు బావ. నా ఫోన్ కట్టేశాను, అయినా పోయింది. అతని కంప్యూటరు చూస్తానంటే నవ్వాడు. అది బిల్లులు కొట్టే పాత పెట్టె. ప్రింటరు కోసం దాని తీగ డబ్బాకి తగిలించారు గానీ, అందులో నెట్ వాడిందే లేదు.

"తాగనోడి మీద సారా కేసెడతావేటి?"

అప్పుడు అక్క అంది, పగలు తను ఫోన్‌లో చూసే సీరియల్ రాహుకాలంలోనే ఆగకుండా వస్తోందని. రాహుకాలం బూటకమని ఎన్ని వేదికల మీద అరిచానో. నవ్వబోయి ఆగిపోయాను. అక్క చూసింది అబద్ధం కాదు కదా. రాహుకాలం రోజుకో వేళకి వస్తుంది, శుక్రవారం పొద్దున, మంగళవారం మధ్యాహ్నం. ఆ వేళలు పట్టుకుని నడిచేవాడు మా ఇంట్లో ఒక్కడే. రాహుకాలం ముందు కంప్యూటరు కట్టేసి, దాటాక దండం పెట్టి తెరిచేది బావే.

అక్కనీ ఆ అమ్మాయినీ పిలిచి, వాళ్ల ముందే అతని కంప్యూటరు కట్టించాను. నెట్ వచ్చింది. తెరిపించాను, పోయింది. మళ్లీ కట్టించాను, వచ్చింది.

లోపల ఏముందో ఆ అమ్మాయి చూసింది. డబ్బాకీ దానికి తగిలించిన ప్రతి యంత్రానికీ ఒక నంబరుంటుంది, ఒకే నంబరు రెండింటికి ఉండకూడదు. బావ కంప్యూటరు నంబరు చివర ఒకటి. కొత్త డబ్బాదీ అదే, పాతదానిది వేరు. డబ్బాకి చేరాల్సినవన్నీ పోయి బావ కంప్యూటరు దగ్గర ఆగిపోతున్నాయి.

ఒకటి తన అదృష్ట సంఖ్యని, కారు నంబరుకిలాగే దీనికీ బావ మెకానిక్‌తో పట్టుబట్టి పెట్టించుకున్నాడట. తెర మీద రోజూ ఏదో హెచ్చరిక వచ్చేదట, మూసేసేవాడట.

నంబరు మార్చాలంది ఆ అమ్మాయి.

"పది ఎట్టమ్మా," అన్నాడు బావ. "కూడితే ఒకటే."

పెట్టింది. నెట్ మళ్లీ పోలేదు.

ఖాళీ చేయక్కర్లేదన్న మాట కూడా అక్క చేతే పంపబోయాడు. ఆ మాట ఆయన చెప్తేనే ఉంటానంది ఆ అమ్మాయి. బావ మెట్ల కింద నిలబడి, పైకి చూడకుండా, "ఉండమ్మా" అన్నాడు.

ఉంది. అయితే ఇప్పుడు తలుపు బార్లా తీసి పని చేసుకుంటోంది. ఆ ఆఫీసు హిందీ మా అందరికీ వినిపిస్తోంది. తలుపేసుకోమ్మా అని నేను రెండుసార్లు చెప్పాను. వేసుకోలేదు.