సోమలింగం బావ తీసిన దయ్యం

మా అక్క స్వరాజ్యం మొగుడు సోమలింగం బావకు ఉన్నది ఒకటే పిచ్చి. చూసినవాళ్ళు జడుసుకోకపోతే అది ఫొటోయే కాదంటాడు.

"మరి ఏందది బావా?" అని అడిగానొకసారి.

"ఆధార్ కార్డు," అన్నాడు. మళ్ళీ కాసేపు ఆలోచించి, "తప్పు మాట్లాడిన దేవదాసూ. ఆధార్ కార్డు జూసినా జడుసుకుంటం. సర్కారోళ్ళకు నాకంటె మంచిగొస్తది ఫొటో తీసుడు," అని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

బావ సూరత్‌లో, ఖటోదరాలో ఒక మరమగ్గాల కార్ఖానాలో మెకానిక్. మగ్గం చప్పుడు విని దాని రోగమేమిటో చెప్పగలడు. అది పొట్టకోసం చేసే పని. ప్రాణం మాత్రం చీకటి ఫొటోల మీద, సమాధుల మీద, గబ్బిలాల మీద. యాభై ఏళ్ళ మనిషి, నడివేసవిలో కూడా నల్ల చొక్కా తప్ప తొడగడు. పాత సామాన్ల బజారులో కొన్న కెమెరా మెడలో వేసుకుని, ఆదివారం వస్తే చాలు, కతర్‌గామ్ దర్వాజా దగ్గరున్న తెల్లదొరల పాత సమాధులకు బయలుదేరతాడు. కొత్తల్లుడు అత్తగారింటికి కూడా అంత ఉత్సాహంగా పోడు. ఇంట్లో ముందుగది గోడకు నల్లరంగు వేశాడు. అక్క ఏడ్చుకుంటూ ఆ గోడకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. బావ వెనక్కి జరిగి చూసి, "ఇప్పుడు ఇంక మస్తు భయమైతుంది," అని మురిసిపోయాడు.

ఇంత చేసీ, గోడ మీద బల్లి కనబడితే మంచమెక్కి అక్కను కేకేస్తాడు.

ఆయన ఫోన్‌లో ఇట్లాంటి పిచ్చివాళ్ళ గుంపు ఒకటుంది. ఏ దేశంలోనో ఉన్న ఒక నల్ల లిప్‌స్టిక్ అమ్మాయి బావ తీసిన కాకి ఫొటోకు మూడు పుర్రె బొమ్మలు పెట్టింది.

"ఈ పుర్రెలేంది?" అంది అక్క.

"శానా మంచిగున్నదని అర్థం."

"అయితే నేను గూడ పెడ్త నీకు పుర్రెలు. అన్నంల."

పనికోసం సూరత్ వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళుండే మా గల్లీకి పెద్దమనిషి రాజనర్సు. ఆయన మనవడి తొట్టెల పండుగకు బావే ఫొటోలు తీశాడు. తీసేముందు లైట్లన్నీ ఆర్పించి, తొట్టె కింద ఒక్క దీపం పెట్టించాడు. పిల్లాడి నీడ గోడ మీద కొమ్ములతో సహా పడింది. రాజనర్సు భార్య మూడు రోజులు పిల్లాడికి దిష్టి తీసింది. రాజనర్సు మూడు నెలలు బావతో మాట్లాడలేదు. ఆ ఫొటో చూసి కిలకిలా నవ్వింది పిల్లాడొక్కడే. "సూశినవా, వానికి సమజైంది," అన్నాడు బావ.

రెండు వేల ఇరవై మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. రాత్రింబవళ్ళు టకటకలాడే మగ్గాలు ఒక్కసారిగా ఆగేసరికి, ఆ చప్పుడుకు అలవాటుపడ్డ మా పసిపిల్లలకు నిద్ర కరువైంది. కార్ఖానా మా గల్లీ చివరే. శేఠ్ తాళంచెవి బావ చేతిలో పెట్టి, రోజుకొకసారి పోయి చూసి రమ్మన్నాడు.

రెండో వారంలో గల్లీ వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫొటో వచ్చింది. కార్ఖానా మేడమీది గది. పగిలిన కిటికీ. దాని వెనక తెల్లటి ఆకారం, ముఖం నిండా జుట్టు, సగం ఒళ్ళు పొగలాగా చెదిరిపోయి ఉంది. కింద బావ రాసిన మాట: "అటు దిక్కు పోకుండ్రి."

ఆ దెబ్బకు కార్ఖానా ఆవరణలో పిల్లల క్రికెట్ ఆగిపోయింది. వెనక వరండాలో రాజనర్సు పేకాట ఆగిపోయింది. మరునాడు శేఠ్ ఫోన్ చేసి, నిజంగానే దయ్యముందా అని గుజరాతీలో అడిగాడు.

"సోమలింగ్‌భాయ్, సాచే భూత్ ఛే?"

"ఛే శేఠ్. ఏక్‌దమ్ పక్కా ఛే."

"కోణ్ ఛే?" ఎవరా దయ్యమని శేఠ్ ఆరా.

"లేడీస్ ఛే."

సోమవారం వచ్చి మగ్గాలు చూసుకుంటానన్న శేఠ్, దీపావళి తర్వాత వస్తానని ఫోన్ పెట్టేశాడు.

అప్పటినుంచి బావ తీరు మారింది. రోజూ ఒక టిఫిన్ డబ్బా పట్టుకుని కార్ఖానాకు పోతాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి మళ్ళీ అన్నం తింటాడు. నాలుగు రోజులు చూసి అక్క నన్ను పిలిచింది.

"దేవదాసూ, మీ బావ దయ్యానికి సద్ది గొంటవోతుండు. నిన్న మామిడికాయ తొక్కు గూడ అడిగిండు. జర ఎనకవోయి సూడురా."

భయపడుతూనే పోయాను. గేటు దగ్గరికి వేసి ఉంది. మెట్లెక్కితే ముందు కనబడింది దండెం మీద ఆరేసిన తెల్లకోటు, దాని కింద ఒక స్టవ్వు, కుక్కర్. తర్వాత ఒక ఆడగొంతు వినబడింది.

"కాకా, ఈరోజు పప్పుల ఉప్పు తక్కువైంది."

"మీ చిన్నమ్మకు జెప్పలేను బిడ్డా. దయ్యానికి గిట్ల ఎక్కువ తక్కువలేందంటది."

నన్ను చూసి బావ చేతిలో చెంచా కిందపడింది. ఆ అమ్మాయి లేచి నిలబడి, గుమ్మానికి ఆరడుగుల దూరంలోకి జరిగి, మాస్కు పైకి లాక్కుని, "నమస్తే అన్నా. నేను ప్రసన్న," అంది.

ప్రసన్న ఆస్పత్రిలో నర్సు. అమ్మానాన్నలు సూరత్ దగ్గరే కిమ్ అనే ఊళ్ళో ఉంటారు, నాన్న అక్కడొక మిల్లులో పనిచేస్తాడు. కరోనా వార్డులో డ్యూటీ పడిందని తెలియగానే ఆమె అద్దెకుండే ఇంటివాళ్ళు సామాన్లు మెట్ల మీద పెట్టేశారు. బస్సుల్లేవు. కిమ్ పోవడానికి లేదు, పోయి ఇంటివాళ్ళకు అంటించే ధైర్యమూ లేదు. ఆ రోజు, లాక్‌డౌన్‌కు ముందు మగ్గంలో నలిగిన వేలికి కట్టు మార్పించుకోవడానికి బావ ఆస్పత్రికి పోయాడు. కట్టు కడుతున్న పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి. ఎందుకని అడిగాడు. చెప్పింది. బావ జేబులోంచి తాళంచెవి తీశాడు. కార్ఖానా వెనక తలుపు పెద్దరోడ్డు మీదికి ఉంది, ఆమె రాకపోకలన్నీ అటునుంచే.

"గల్లీవాళ్ళకు చెప్పి ఒప్పిస్తే పోయేది కదా బావా?"

"రాజనర్సు గల్లీకి వెదురుబొంగులు అడ్డంగట్టి గూసున్నడు. కూరగాయల బండినే రానిస్తలేడు, ఆస్పత్రి పిల్లను రానిస్తడా? అందరు ఎల్లగొట్టినంక ఆమె యాడ ఉండాలె? గందుకే దయ్యాన్ని జేసిన. దయ్యాన్నైతే ఎవ్వడు ఖాళీ జేయమనడు."

"మరి ఆ ఫొటో అంత భయంకరంగా ఎట్లా వచ్చింది?"

ప్రసన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "దుప్పటి కప్పుకొని కదలకుండా నిలబడమన్నడు అన్నా. నాకు నవ్వాగలేదు. ఊగిపోయిన."

"ఊగింది గన్కనే గట్ల పొగలెక్క వచ్చింది," అన్నాడు బావ గర్వంగా. "నా జిందగీల గంత మంచి ఫొటో తీయలే."

ఇంటికొచ్చి అక్కకు అంతా చెప్పాను.  బావ గడప తొక్కగానే అక్క ఆయన మీద విరుచుకుపడింది. "ఆడివిల్ల ఇన్ని దినాలసంది సప్పటి పప్పు తింటుంటే నాకు జెప్పవా? నేను రాజనర్సు లెక్క గనవడ్తున్ననా నీకు?" ఆ మరునాటినుంచి డబ్బా రెండయ్యింది. ఒకదాంట్లో కోడిగుడ్లు తప్పనిసరి.

మే నెలలో ఒక పొద్దున అసలు గండం వచ్చింది. దయ్యాన్ని తరిమేద్దామని రాజనర్సు నలుగురిని వెంటేసుకుని కార్ఖానా ముందుకొచ్చాడు. చేతుల్లో నిమ్మకాయలు, కర్పూరం, ఎందుకైనా మంచిదని మందు కొట్టే పంపు. మేడ మీద ప్రసన్న రాత్రి డ్యూటీ చేసొచ్చి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. బావ గేటుకు వీపానించి నిలబడ్డాడు. పక్కన నేను.

"జరుగు సోమలింగం. తాళం తియ్యి."

"తీస్త గని రాజనర్సన్నా, ఒక్క మాట. దానికి కరోనా ఉన్నది."

"దయ్యానికి కరోనా ఏందిరా?"

"మరి ఎట్ల సచ్చిందనుకున్నవే?"

 ఒకడి చేతిలోంచి నిమ్మకాయ దొర్లిపోయింది. ఐదుగురూ ఒకేసారి మాస్కులు ముక్కుల మీదికి లాక్కున్నారు. రాజనర్సు నాలుగడుగులు వెనక్కి వేసి, "పద్నాలుగు దినాలు పోనీ, అటెన్క జూద్దాం," అని వెనుదిరిగాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడ్డ బావ, తర్వాత గేటు దగ్గరే నేల మీద కూలబడ్డాడు.  "లోపలికి వోయి ఆ పిల్ల లేశిందేమో సూడురా," అన్నాడు మెల్లగా. లేవలేదు.

జూన్‌లో ఆస్పత్రివాళ్ళు ప్రసన్నకు హాస్టల్‌లో గది ఇచ్చారు. పొద్దున పదింటికి ఆటో వచ్చింది. దొంగచాటుగా పంపిద్దామని బావ అన్నాడు గానీ, అక్కకు చెప్పకుండా పోనని ఆ పిల్ల సూట్‌కేసు పట్టుకుని గల్లీ నడిమధ్యలో నడిచొచ్చింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. రాజనర్సు అరుగు మీద లేచి నిలబడ్డాడు. బావ ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు.

అందరికంటే ముందు కార్ఖానా ఎదురింటి ముసలమ్మ ఐలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆమె చేతిలో కుంకుమ భరిణె. ప్రసన్నకు బొట్టు పెట్టి, "సల్లగుండు బిడ్డా," అంది.

"అవ్వా, నీకు ఎర్కేనా?" బావ నోరు తెరిచాడు.

"దయ్యం పొద్దుగాల్నే చాయ్ గాసుకుంటదా? కుక్కర్ల బువ్వకు మూడు సీటీలు గొట్టిస్తదా? మొదటి దినమే ఎర్కైంది. నువ్వు గంత కష్టపడి జడిపిస్తుంటివి, నడుమ నేనెందుకని ఊకున్న."

అందరూ రాజనర్సు వైపు చూశారు. ఆయన వెదురుబొంగు తనే పక్కకు లాగాడు. ప్రసన్న చేతిలో సూట్‌కేసు తీసుకుని ఆటోలో పెట్టాడు. గొంతు సవరించుకుని, తల వంచుకుని అడిగాడు.

"బిడ్డా, మా ఇంటామెకు షుగరున్నది. జర నీ ఫోన్ నంబరిస్తవా?"

ఆటో కదిలేసరికి సగం గల్లీ ఆ నంబరు రాసుకుంది. చాలామంది ఫోన్లలో పేరు 'దయ్యం సిస్టర్'. రెండో వేవ్‌లో ఎవరు ఎప్పుడు చేసినా ఎత్తేది.

ఈ సందడిలో బావ కనబడలేదు. వెతుక్కుంటూ మేడెక్కాను. గది కడిగేసి, ప్రసన్న మరిచిపోయిన కుక్కర్‌ను బూడిదతో తోముతున్నాడు.

"ఏం బావా, బాధైతుందా?"

"బాధెందుకురా? ఇంకా ఎందర్ని ఇండ్లకెల్లి ఎల్లగొడ్తరో ఏమో. గది సాఫ్‌గుంటె మంచిది." కుక్కర్ మూత కిటికీ వెలుతురుకెత్తి చూసుకున్నాడు. "గని ఈసారి వచ్చేటోళ్ళకు సీటీ లేని గిన్నెనే ఇయ్యాలె."