బోర్డు మీద పదకొండు దినములు

ఆ దినములలో అని రాయబోయి ఆగాను. ఆ మాట రాసే ముందు అటూ ఇటూ చూసుకోవాలని గోదావరిఖని నాకు నేర్పింది. ఆ రోజుల్లో అంటాను. ఆ రోజుల్లో నేను ఒక కాంట్రాక్టరు దగ్గర కొత్తగా చేరిన సూపర్‌వైజర్ని. మిషన్ హాస్టల్లో పెరిగి, పొద్దున వాక్యం, సాయంత్రం కీర్తన, మధ్యలో డిప్లొమా చదివినవాణ్ణి. మాకు రోజు అనే మాట పాలవాడి లెక్కలకే; దేవుడితోనూ పెద్దవాళ్లతోనూ దినమే. (చావు తర్వాత చేసే వాటిని దినాలంటారని నాకు తెలియక కాదు. నోట్లో ఏళ్ల తరబడి నలిగిన మాటకు ఇంకో ముఖం ఉంటుందని గుర్తు రాదు, అంతే.)

నాకు అప్పగించిన మొదటి పని చిన్నదే. గని మట్టిదిబ్బ పక్కన, పల్లంలో ఉన్న పాత క్వార్టర్ల వరసకు ఒక పంపు, అక్కడి నుంచి కాలువ దాకా పైపు. వానలు పడేలోపు అయిపోవాలి. అంతకు ముందు వానాకాలం ఆ వరసలోకి నీళ్లు వచ్చి, నానిన గోడ కూలి, మా ఫిట్టర్ (అందరం కాక, అంటే బాబాయి, అనేవాళ్లం) వాళ్లమ్మ మంచం మీదే పోయింది. కాబట్టి ఈ పని అందరికంటే ఆయనకే ఎక్కువ కావాలి. అయినా పని కదలదు. పైపులు వస్తే బోల్టులు రావు. బోల్టులు వచ్చిన నాడు వెల్డర్ భాయ్ ఇంట్లో పెళ్లి. భాయ్ వస్తే కరెంటు ఉండదు. ఎవర్ని అడిగినా అయిపోతది సారు, ఫికర్ చెయ్యకుండ్రి అనేవాళ్లు. నేను పొద్దున్నే అందర్నీ నిలబెట్టి ప్రార్థనతో పని మొదలుపెట్టేవాణ్ణి. కళ్లు తెరిచేసరికి సగంమంది చాయ్ బండి దగ్గర ఉండేవాళ్లు. ప్రార్థన సారు అనే పేరు నాకు అలా వచ్చింది.

మా పై ఇంజినీరు ఒక సలహా ఇచ్చాడు: ప్రతి పనికీ ఒకే మనిషి, ఒకే గడువు, అందరికీ కనబడేలా రాసిపెట్టు. మంచి సలహా. నేను షెడ్డు గోడకు తెల్లబోర్డు తగిలించి గుండ్రటి అక్షరాలతో రాశాను. పంపు బిగింపు: ఫిట్టర్ కాక, 11 దినములు. పైపు అతుకులు: వెల్డర్ భాయ్, 3 దినములు. (అసలు పేర్లతోనే రాశాను. ఇక్కడ ఆ సాహసం చెయ్యను.) ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎవరో దాన్ని అటు కొంచెం, ఇటు కొంచెం కత్తిరించి, పేరూ దినాలూ మాత్రమే మిగిల్చి ముందుకు పంపారు. మధ్యాహ్నానికి అది కాసిపేట చేరింది. అక్కడి నుంచి కాక చెల్లెలు ఆటో కట్టించుకుని, దారిపొడుగునా ఏడుస్తూ వచ్చి, షెడ్డు ముందు దిగి, పంపు పక్కన సద్ది తింటున్న అన్నను చూసి కూలబడింది. తేరుకున్నాక, బతికుండీ ఫోన్ ఎత్తనందుకు ముందు ఆయన్ను తిట్టింది. తర్వాత నన్ను.

మరునాడు ఎవరూ పనిముట్టు ముట్టుకోలేదు. గని కూలీల ఇళ్లలో ఆ మాటతో ఆటలుండవు. వెల్డర్ భాయ్ మర్యాదగా అన్నాడు: "మా దాంట్ల గూడ పోయినోళ్లకు మూడో దినం జియారత్ ఉంటది సారు. మా లెక్క గూడ తప్పకుంట రాసిండ్రు." నవ్వుతున్నాడో లేదో తెలియలేదు. నేను సృష్టి ఆరు దినములు అని వివరించబోయాను. ఏడో దినం ఆయన గూడ పని బంద్ పెట్టిండు గద సారు అని వెనక నుంచి ఎవరో అన్నారు.

కాక మాత్రం నవ్వలేదు. "నన్ను గన్న అవ్వ దినాలు చేసి యాడాది గాలే సారు. గా మాట మా ఇంట్ల ఇంక తడి ఆరలే."

నేను తుడవబోయాను. కాకకు సద్ది తెచ్చిన ఆయన భార్య (మేమంతా చిన్నమ్మ అనేవాళ్లం) అడ్డం వచ్చింది. "తుడ్వకు. తుడిస్తె మనసులకెల్లి పోతదా? నీ పేరు గూడ రాయి సారు. నువ్వు గూడ అందరితోని ఉంటె, గప్పుడు పని గురించే అనుకుంటం. పని అయినోడు తన పేరు తుడ్సుకుంటడు."

మరణానికి కోరలు లేవని ప్రతి ఆదివారం గొంతెత్తి చెప్పేవాణ్ణి. ఇప్పుడు మార్కరు పట్టుకుని నిలబడ్డాను. సిరా ఆరిపోయిందన్నాను. ఆరలేదు. చిన్నమ్మ ఇంకొకటి అందించింది. మొత్తం పని: నా పేరు, 11 దినములు. అక్షరాలు వంకరపోయాయి.

"భయమైతాందా సారు?" అన్నాడు కాక.

"అవును కాకా."

"ఇగ మంచిగైంది. నడువుండ్రి."

ఆ తర్వాత మా పని నడిచిన తీరు ఏ పాఠంలోనూ లేదు. అవసరానికి మించి ఒక్క పూట కూడా ఆ బోర్డు మీద ఉండాలని ఎవరికీ లేదు. అయిపోతది అనేవాళ్లు లేరు. ఏది తక్కువైందో పొద్దున్నే చెప్పేవాళ్లు. మీ పేరు గూడ రాయమంటరా అని భాయ్ స్టోరు గుమాస్తాను అడిగాడట. మధ్యాహ్నానికి బోల్టులు వచ్చాయి. భాయ్ తన అతుకులు పూర్తిచేసి, పేరు తుడుచుకుని, ఇంటికి పోయి తలస్నానం చేశాడు.

వాన గడువు దాకా ఆగలేదు. మిట్టమధ్యాహ్నం చీకటి కమ్మింది. దిబ్బ మీది నల్లనీళ్లు వరసలోకి దిగాయి. మోకాలు లోతులో నిలబడి కాక చివరి బోల్టులు బిగించాడు, నేను తడుముతూ అందించాను. పంపు రెండు మూడుసార్లు దగ్గి, పట్టుకుంది. అయినా వరస చివరి ఖాళీ ఇల్లు కూలింది. కాక ఇంటి గడప కింద నీళ్లు ఆగాయి, ఆగి, మెల్లగా వెనక్కి తగ్గాయి. ఆయన లోపలికి పోయి, తల్లి మంచం ఉండిన చోట నేల తడిమి చూశాడు.

చిన్నమ్మ తడిసిన కొంగుతో బోర్డు మీద కాక పేరు తుడిచింది. తర్వాత నాది.

"ఇగ ఇద్దరు లేచిండ్రు. ఇంటికి పోయి తినుండ్రి."

పునరుత్థానం మీద నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను, కొన్ని చేశాను కూడా. అంత పొట్టిది వినలేదు. ఆ వానలో బురద పూసుకుని, వణుకుతూ, బతికున్నందుకు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న అప్పటి నేను, ఆ కుర్ర ప్రసంగీకుడు, ఒక్కోసారి ప్రార్థన మధ్యలో కళ్లకు కడతాడు. అప్పుడు నా ఆమెన్ కొంచెం ఆలస్యమవుతుంది. సంఘంవాళ్లు భక్తి అనుకుంటారు.