దవడల బీరువాలో ఖాళీ అర

కోవిడ్ ఆంక్షలు సడలాక వచ్చిన మొదటి చలికాలంలో, నవంబరు నెలలో, బహ్రెయిన్ దక్షిణాన ఎడారిలో ఉన్న ఒక ప్రైవేటు జింకల క్షేత్రంలో సలహా పశువైద్యురాలిగా చేరాను. వారానికి మూడు రోజుల డ్యూటీ. రిఫాలో మా ఫ్లాటు నుంచి కారులో అరగంట. హోదా పేరు ఘనంగానే ఉండేది కానీ కూర్చునేది ఒక పాత పోర్టా క్యాబిన్‌లో. అందులో ఒక బల్ల, ఒక సూక్ష్మదర్శిని, ఒక ఇనప బీరువా. అప్పటికే ఈ దేశంలో గుర్రాలకూ ఒంటెలకూ చాలా ఏళ్లు వైద్యం చేసి ఉన్నాను. నాకు తెలియనిది పెద్దగా ఏమీ ఉండదన్న నమ్మకం కూడా కొంచెం ఉండేది.

ఆ క్షేత్రంలో ఉన్నవి రీమ్ అనే ఇసుకరంగు జింకలు. చుట్టూ కంచె, లోపల వాటిని తినే జంతువులేవీ లేవు. మంద పెరిగితే మేత చాలదు. అందుకని ఏటా చలికాలంలో అనుమతి తీసుకుని కొన్నింటిని తుపాకీతో కాల్చి తగ్గించేవారు. అలా కాల్చిన ప్రతి జింక కింది దవడనూ ఉడకబెట్టి, శుభ్రం చేసి, చీటీ కట్టి నా బీరువాలో పెట్టాలి. జింక వయసు దాని పళ్లలో తెలుస్తుంది. పాలపళ్లు రాలాయా లేదా, దవడ పళ్లు ఎంత అరిగాయి అన్నది చూసి ఏడాదిదో మూడేళ్లదో పోల్చుకుంటాం. అనుమానమైతే పన్ను మూలాన్ని పల్చగా కోసి, సూక్ష్మదర్శిని కింద పొరలు లెక్కపెడతాం. ఏ వయసువి ఎన్ని ఉన్నాయో వరసగా రాస్తే అది వయసుల పట్టిక. మంద పెరుగుతుందా తరుగుతుందా అన్నది ఆ పట్టికను చూసి చెబుతాం.

బీరువాలో అరలు జింకల వయసును బట్టి, ఏడాదికొకటి చొప్పున సర్ది ఉన్నాయి. నా ముందు పనిచేసిన డాక్టరు రెండు చలికాలాల దవడలు వదిలి వెళ్లాడు, మూడోదానివి నేను చేర్చాను. జనవరికల్లా నాలుగేళ్ల, అయిదేళ్ల అరలు కిక్కిరిసిపోయాయి. మొదటి అరలో ఒక్క దవడ కూడా లేదు. అంటే ఏడాది నిండని పిల్లలు లేవన్నమాట. జీపులో రెండుసార్లు క్షేత్రమంతా తిరిగి చూశాను. అప్పుడూ పిల్లలు కనిపించలేదు. రెండు సాక్ష్యాలు ఒకటే చెబుతున్నాయి కదా అని ధైర్యంగా ఆ అర మీద ‘పిల్లలు: లేవు’ అని చీటీ అంటించాను. పుట్టిన పిల్లలు ఏడాదిలోపే చనిపోతున్నాయనీ, కారణం సంరక్షణ లోపం కావచ్చుననీ నివేదిక రాసి సంతకం పెట్టాను. ‘కావచ్చు’ అన్న మాటను జాగ్రత్త కోసమే రాశాను. మేనేజరు దాన్ని పట్టించుకోలేదు. మందను చూసుకునే నలుగురినీ నెలాఖరుకు మార్చెయ్యమని, కూలీలను పంపే కాంట్రాక్టరుకు అదే రోజు ఫోను చేశాడు.

ఆ నలుగురిలో పెద్దవాడు లింగయ్య. జగిత్యాల వైపు మనిషి. గొర్రెల మంద ఉన్న ఇంట్లో పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచి కాపరిగా తిరిగాడు. ఇక్కడికి వచ్చి కొన్నేళ్లు ఇటుకలు మోశాక ఈ పని దొరికిందట. కబురు తెలిసిన మర్నాడు నా క్యాబిన్‌కు వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి నిలబడ్డాడు.

“డాక్టరమ్మా, పిల్లలు సచ్చినయని రాసిన్రట గదా. ఏడ సచ్చినయి? నేను ఒక్కదాన్ని గూడ చూడలే.”

నేను బీరువా తెరిచి ఖాళీ అర చూపించాను. దానివైపు చూసి, పక్క అరల్లోంచి దవడలు ఒక్కొక్కటే తీసి ముందరి పళ్ల మీద బొటనవేలితో రాసి చూశాడు. నేను కొలబద్దతో గంటసేపు తేల్చే పనిని నిమిషంలో చేసి, నా చీటీలన్నీ సరిగానే ఉన్నాయన్నాడు. చదువుకున్న నాకు అతను మార్కులు వేస్తున్నట్టుంది వ్యవహారం.

“అన్ని ముదిరినయే, అన్ని పోతులే. తుపాకి భాయ్ కొమ్ములు చూసి కాలుస్తడు గదా. కటికాయన దుకాణంల తలకాయలు చూసి మంద వయసు చెప్తరా డాక్టరమ్మా? మా ఊర్ల ఎల్లమ్మ పండుగకు అందరు మంచి పొట్టేలునే కోస్తరు. ఆడ తలకాయలన్ని పొట్టేళ్లయే ఉంటయి. అంటే మందల గొర్రెలు లేనట్టా, పిల్లలు లేనట్టా?”

నాకు ఒళ్లు మండింది. అతను చెప్పింది సరైనదని వెంటనే అర్థమైంది కాబట్టే మండిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. నమూనా ఎవరు ఎంచారో అడగకుండా లెక్కలోకి దిగకూడదన్నది మా కాలేజీలో నేర్పిన మొదటి పాఠం. అయినా వదల్లేదు. కాల్చలేదు కాబట్టి పిల్లలు బతికున్నాయని కూడా రుజువు కాదు కదా, జీపులో తిరిగినా కనపడలేదు కదా అన్నాను.

“జీపంటే వాటికి తుపాకే. చప్పుడు ఇనంగనే తల్లులు పిల్లలను తీసుకొని అవతలి దిక్కు వోతయి. కాల్చేటాయన వచ్చేది గూడ ఆ జీపులనే. నడిచి రాండ్రి, నేను సూపిస్త. సెంటు మాత్రం కొట్టుకోకుండ్రి.”

ఈనిన గొర్రెల మధ్య పిల్లలకు మేత దక్కేలా వాళ్ల ఊళ్లో ఒక పద్ధతి ఉందట. చిన్న దడి కట్టి, పిల్ల మాత్రమే దూరే ఎత్తులో సందు వదిలి, లోపల లేతమేత వేస్తారు. పెద్దవి బయట నిలబడి చూడాల్సిందే. లింగయ్య తన తోటివాళ్లతో కలిసి పాత పైపులు, వలతో అలాంటి దడే కట్టాడు. లోపల బార్లీ, ఇక్కడ జత్ అని పిలిచే పచ్చమేత వేశాడు. పిల్లలకు అలవాటయ్యేదాకా పది రోజులు ఆగమన్నాడు. నెలాఖరు దగ్గరపడుతోంది, నాకే కంగారు. అతను మాత్రం తొందరపడలేదు.

పదకొండో రోజు పొద్దున్నే ఇద్దరం నడిచి వెళ్లి, గాలి మా వైపు వీచే చోట నీళ్ల ట్యాంకు వెనక కూర్చున్నాం. ఎండ ఎక్కేసరికి తల్లులు వచ్చాయి. వాటి కాళ్ల మధ్య నుంచి పిల్లలు వచ్చి, వంగి, సందులోంచి లోపలికి దూరడం మొదలుపెట్టాయి. నేను నోరు తెరుచుకుని చూశాను. మేత అయ్యాక అవి తిరిగి సందులోంచి ఒక్కొక్కటే బయటికి వస్తుంటే ఇద్దరం లెక్కపెట్టాం. నా చేతిలో నొక్కినకొద్దీ ఒక్కొక్క అంకె పెరిగే లెక్క యంత్రం. అతను జతకొక గులకరాయి ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చాడు. నాకు ముప్పై ఏడు తేలాయి.

“పందొమ్మిది జతలు, మీదొకటి,” అన్నాడు లింగయ్య.

ఫోనులో తీసిన వీడియోను నాలుగుసార్లు ఆపి ఆపి చూశాను. ముప్పై తొమ్మిది ఉన్నాయి. ఆ మందకు అది మంచి సంఖ్య. ఇన్నేళ్ల సర్వీసులో నేను ఎందరో నిపుణులతో పనిచేశాను కానీ, ఒక జంతువును చూసి మరో జంతువు గురించి తొందరపడి చెప్పకుండా ఉండగల మనిషిని అతన్నొక్కడినే చూశాను.

ఆ మధ్యాహ్నమే మేనేజరు దగ్గరికి వీడియో పట్టుకుని వెళ్లి, నివేదిక వెనక్కి తీసుకుంటున్నానన్నాను. ఖలాస్ అనుకున్న విషయాన్ని మళ్లీ ఎందుకు తెరుస్తారని విసుక్కున్నాడు. తప్పు నా సంతకం కింద ఉంది కాబట్టి దిద్దుబాటు కూడా నా సంతకంతోనే ఉండాలన్నాను. కాంట్రాక్టరుకు మళ్లీ ఫోను వెళ్లింది. నలుగురూ పనిలోనే ఉండిపోయారు.

కొత్త నివేదిక కాపీ తీసుకుని మేత షెడ్డుకు వెళ్లాను. పని పోతే రద్దయ్యే వీసా సంగతి లింగయ్య అడగనే లేదు.

“సచ్చినయన్న మాట కొట్టేసిన్రా?” అన్నాడు.

కొట్టేశానని ఇంగ్లీషు కాగితం చూపించాను. తెలుగులో చదవమన్నాడు. ‘పిల్లలు చనిపోతున్నాయన్న మా అంచనా తప్పు. సంరక్షణలో లోపం లేదు’ అని చదివాను. మళ్లీ ఒకసారి చదివించుకున్నాడు. పనికి వేళవుతోందని చెప్పి మేత బండి దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి నేను అతన్ని లింగయ్య గారూ అనే పిలిచాను.

ఆ తర్వాత రాసిన ప్రతి నివేదికలోనూ మొదటి పేరా ఒకే విషయానికి కేటాయించాను: ఈ నమూనా ఎవరి చేతుల మీదుగా నాకు చేరింది, దారిలో ఏవి తప్పిపోయి ఉండవచ్చు. మూడేళ్ల తర్వాత పదవీ విరమణ చేస్తూ బీరువా తాళాలు కొత్త డాక్టరుకు అప్పగించాను. మొదటి అర అప్పటికీ ఖాళీగానే ఉంది. దాని మీద చీటీ మాత్రం వేరు. ‘పిల్లలు: మాకు చేరలేదు. నడిచి వెళ్లి చూడండి.’