సునీత పంపిన ఎక్స్‌రే

ఆరేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

కరీంనగర్‌లో కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసి బతుకుతాను. ఆసిఫాబాద్‌లోని ఒక ఎక్స్‌రే సెంటర్ నుంచి ఫొటోలను ఇక్కడి డాక్టర్‌కు చేరవేసే ప్రోగ్రాం నాదే. ఫైల్ అందగానే ఇటువైపు సర్వర్ ‘అందింది’ అని జవాబివ్వాలి. ఆ జవాబు ఒక్కోసారి సగమే వచ్చేది, ఒక్కోసారి అర్థంలేని అక్షరాలు వచ్చేవి. అప్పుడు నా ప్రోగ్రాం బిగుసుకుపోయేది.

సెంటర్‌లో ఫైళ్లు పంపేది సునీత. మా వైపు ఎవరు ఊరెళ్లినా చేరగానే ఇంటికి ఫోన్ చేస్తారు. ఆమె ఫైళ్లకూ అదే పద్ధతి పెట్టింది. పంపిన ప్రతి ఫొటోకూ నాకు ఫోన్ చేసి చేరిందా అని అడిగేది. నాకు విసుగొచ్చింది. జవాబు ఎలా వచ్చినా సరే, అందినట్టే అనుకుని పచ్చ టిక్కు చూపించేలా రెండు వరుసలు మార్చేశాను. టిక్కు వస్తే చేరినట్టే, ఇక ఫోన్ చేయొద్దన్నాను. జవాబు సరిగా లేకపోతే మళ్లీ అడగాలి, లేదా తెలియదని ఒప్పుకోవాలి. అది నాకు తెలియక కాదు. బద్ధకం.

ఆ నెలలోనే ఒక పత్తి రైతు మణికట్టు ఎక్స్‌రే డాక్టర్‌కు చేరలేదు. డాక్టర్ ఏమీ అనలేదంటే ఏమీ లేదనుకున్నాడాయన. ఎముక వంకరగా అతుక్కుంది. తప్పు ప్రోగ్రాందా, సునీతదా అని సెంటర్ ఓనర్ నన్నే అడిగాడు. ప్రోగ్రాం తనంతట తాను రాసుకునే చిట్టా తెరిచాను. ఆమె పంపింది. సర్వర్ నుంచి తెగిన జవాబు వచ్చింది. పక్కనే నా టిక్కు.

ప్రోగ్రాం బాగానే ఉందని ఓనర్‌కు చెప్పాను. ఆమె పంపలేదని నేను నోటితో అనలేదు. ఇన్నేళ్లూ ఆ మాట పట్టుకునే వేలాడాను. అనకపోతేనేం? ఇక మిగిలిందెవరు?

సాయంత్రం సునీత ఫోన్ చేసింది.

“అన్నా, నేను పంపిన. పచ్చ టిక్కు నా కండ్లతోని చూసిన. జర ఓనర్ సార్‌కు చెప్పే.”

“నువ్వు చూసింది వేరే ఫైల్‌ది కావచ్చు. మంచిగ యాది చేసుకో.”



“గట్లనే కావచ్చన్నా. గా దినం మంది మస్తున్నరు. నాదే పొరపాటైందేమో.”

నా మాట నమ్మి తన కళ్లను అనుమానించింది. ఆమె పని పోయింది. నేను ఆ చిట్టా తుడిచేసి ప్రోగ్రాం సరిచేశాను. ఇప్పుడు జవాబు అర్థం కాకపోతే ‘తెలియదు, మళ్లీ పంపండి’ అంటుంది. బాగుందని ఓనర్ మెచ్చుకున్నాడు కూడా.

ఈ మధ్యే తెలిసింది. పని పోయిన వారంలోనే ఆమె ఆ రైతు ఇంటికి వెళ్లి, తన వల్లే ఇలా అయిందని ఏడ్చి, తప్పు మన్నించమని అడిగి వచ్చిందట.

ఆమె పంపింది. ఈ మాట ఇవాళే మొదటిసారి రాశాను. రాశాక కొంచెం తేలిగ్గా ఉంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.