అన్ని నేరాలూ మాస్టారివే

మా వీధి చివర గ్రంథాలయంలో ఎన్ని నేరాలు జరిగినా చేసేది ఒక్కరే: దొంగ మాస్టారు. రాసేది మాత్రం పిల్లలు. మొదటి రోజే ఆయన వాళ్ళకి ఒక పాత డిటెక్టివ్ నవల కథంతా చెప్పేశారు. ఇక శనివారం శనివారం అలాంటివే రాయించేవారు. కథని ఎన్ని మలుపులైనా తిప్పుకోవచ్చు, చివర్లో దొంగ మాత్రం తానే కావాలి. అదీ ఆయన పట్టుదల.

నిజానికి ఆయన రిటైరైన భూగోళం టీచరు. చీమ ఎదురొస్తే దారిచ్చే మనిషి. పిల్లల కథల్లో గడియారాలు కొట్టేశారు, రైలింజను మాయం చేశారు, ఒకసారి చందమామని గొడుగులో దాచేశారు. వీధిలో ఎవరైనా పిల్లలు "దొంగ మాస్టారూ!" అని కేకేస్తే కూరగాయలామె చప్పున డబ్బుల సంచి మీద చెయ్యి వేసుకునేది. ఆయన మాత్రం పెళ్ళికొడుకులా చెయ్యూపుతూ వెళ్ళిపోయేవారు.

ఆ క్లాసులో చేర్పించిన దగ్గర్నుంచీ నాకు మా అమ్మాయి బెంగే. కొత్తవాళ్ళ ముందు పెదవి విప్పదు. మొదటి వారం ఇంటికొస్తూనే కడుపు పట్టుకుని పడుకుంది.

"ఇంక అక్కడికి వెళ్ళనమ్మా."

నేను చదివింది రసాయనశాస్త్రం. తప్పంతా అక్కడి కుళాయి నీళ్ళదని తేల్చేసి, కాచి వడగట్టిన నీళ్ళు సీసాలో పోసిచ్చి, బతిమాలి పంపాను. రెండో వారం నవ్వుతూ వచ్చింది. నా నీళ్ళ మహిమ చుట్టాలందరికీ ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

మాస్టారి పద్ధతి మాత్రం నాకు మింగుడు పడలేదు. ఒకరోజు అడిగేశాను.

"దొంగెవరో ముందే తెలిస్తే ఇంక పరిశోధనేముందండీ?"

"రుజువుందిగా అమ్మా! ఒకర్ని దొంగ అనేయడానికి క్షణం చాలు. రుజువు చెయ్యడానికే బుర్ర కావాలి."

"పోనీ, ఒక్కసారైనా ఇంకొకరిని..."

"అమ్మో! కష్టపడి ఇంత పేరు తెచ్చుకున్నాను. పోటీకి ఇంకొకరా?"

చివరి శనివారం కథలు వినడానికి తల్లిదండ్రుల్ని పిలిచారు. మా అమ్మాయి వంతు వచ్చింది. కాగితం పట్టుకుని ముందుకొచ్చింది. ఈసారి కడుపునొప్పి నాకు మొదలైంది.

"ఈ కథలో దొంగ మాస్టారు కాదు."

"రూలు! రూలు!" అని పిల్లలు గోల పెట్టారు.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "రుజువేదీ?"

"నవల్లో దొంగ ఎవరితోనూ మాట్లాడడు. అందుకని మొదటి వారం అందరి కథల్లోనూ క్లాసులో మాట్లాడని పిల్లే దొంగ. ఆ పిల్లకి కడుపునొప్పి వచ్చింది. రెండో వారం మాస్టారు, ఇకనుంచి దొంగని నేనే, అని రూలు పెట్టారు. నొప్పి పోయింది." కాస్త ఆగి నా వైపు చూసింది. "అమ్మ నీళ్ళ వల్ల అనుకుంది. కానీ ఆ నీళ్ళు నేను తాగలేదు. ప్రతి వారం గుమ్మం దగ్గర మొక్కకి పోసేశాను."

నేను కిటికీలోంచి చూశాను. మొక్క ఏపుగా ఉంది.

"అంటే మాస్టారు ఏమీ దొంగిలించలేదు. ఇంకొకరి మీద పడకుండా అన్నీ తన మీద వేసుకున్నారు."

గదిలో పెన్సిళ్ళు కొరికేవాళ్ళు కూడా కొరకడం మానేశారు. మాస్టారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత బేడీలు వెయ్యమన్నట్టు రెండు చేతులూ మా అమ్మాయి ముందుకి చాపారు.

"దొరికిపోయాను తల్లీ," అన్నారు. "ఇదొక్కటీ నిజంగా నేనే చేశాను."