ఒక్క గంట అంటే ఆగు

ఆ రోజుల్లో నేను దయ్యాలను నమ్మేవాణ్ణి కాదు. సైకిళ్ళను అంతకన్నా నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు రెండింటి విషయంలోనూ కాస్త మెత్తబడ్డాను గానీ, గోదావరిఖనికి కొత్తగా మాస్టరుగా వచ్చిన కుర్రవాడికి లోకమంతా తెలిసినట్టే ఉంటుంది కదా. నేను చేరిన వారానికే మా బడి స్కౌట్ మాస్టరు వేరే ఊరికి వెళ్ళిపోయారు. మా పెద్దసారు స్టాఫ్ రూములోకి వచ్చి, "ఖాకీ పాంటు ఎవ్వలకున్నదయ్యా?" అని అడిగారు. ఉన్నది నా ఒక్కడికే (పోలీసు సెలక్షన్లకని కుట్టించుకున్నాను, పరుగులో నేను పోయాను, పాంటు మిగిలింది). ఆ పాంటు అర్హతతో నేను స్కౌట్ మాస్టరునైపోయాను. "పిల్లలకు ఈసారి సైకిల్ బ్యాడ్జి రావాలె. బ్రేకు, బెల్లు, ఎడమపక్క నడుపుడు, చేతి సైగలు, అన్ని నేర్పు. గానీ ఒక్కటి యాదివెట్టుకో, రోడ్ల మీద బొగ్గు లారీలు తిరుగుతయ్. ఒక్క పిల్లగానికి దెబ్బ తాకినా వాళ్ళ అవ్వకు నువ్వే జవాబు చెప్పాలె" అన్నారు పెద్దసారు. గనికి వెళ్ళిన మనిషి ఇల్లు చేరేదాకా గుమ్మం వంక చూస్తూ గడిపే తల్లులు వాళ్ళు. వాళ్ళకు జవాబు చెప్పడమంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు, అందుకే ధైర్యంగా తలూపాను.

అసలు చిక్కు వేరే ఉంది. నాకు సైకిలు తొక్కడం వచ్చు గానీ, హ్యాండిల్ మీది నుంచి ఒక్క చెయ్యి తీశానంటే నేనూ సైకిలూ చెరో దిక్కు. కుడికి తిరిగేటప్పుడు కుడి చెయ్యి చాపాలి, ఆగేటప్పుడు చెయ్యి పైకెత్తాలి అని స్కౌటు పాఠం. ఈ సైగలన్నీ నేను నేల మీద రెండు కాళ్ళతో గట్టిగా నిలబడి నేర్పాను. "సార్, మీరు సైకిల్ మీద చేసి సూపెట్టుండ్రి" అని ఒకమ్మాయి అడిగితే, "స్కౌట్ మాస్టర్లు ముందు సిద్ధాంతం చెబుతారు" అని తప్పించుకున్నాను. ఆ అమ్మాయిని తోటి పిల్లలు 'ఓవర్‌మన్' అనేవాళ్ళు (గనిలో అందరికీ పని పురమాయించి అందరి మీదా అరిచే ఉద్యోగి పేరది, ఈమె పని కూడా అదే). తనిఖీలో ఆమె సైకిలుకు బెల్లు లేదని తేలింది. కొత్తది వేయించేదాకా నోటితో కొట్టమన్నాను. ఇక చూడండి, "ట్రింగ్ ట్రింగ్, జరుగుండ్రి! ట్రింగ్ ట్రింగ్, కనవడ్తలేదా!" అంటూ ఆమె వస్తుంటే ఎద్దులు కూడా పక్కకు జరిగేవి.

మొదటి రోజే ఇంకో ముచ్చట జరిగింది. పిల్లలను వరసగా నిలబెట్టి, బయలుదేరమని నా సైకిలు బెల్లు ఒక్కసారి కొట్టాను. ఒక్కరూ కదల్లేదు. కదిలిన ఒకడు కూడా ఠక్కున ఆగాడు. మళ్ళీ కొట్టాను. ఇంకా బిగుసుకుని నిలబడ్డారు. "ఏందిరా, చెవులు పని చేయట్లేదా?" అంటే, ఓవర్‌మన్ నా అజ్ఞానానికి జాలిపడింది. "సార్, ఒక్క గంట అంటే ఆగుడు. రెండు కొడితె కదులుడు. మా బాపు చెప్పిండు. గనిల తాడు గట్లనే నడుస్తది" అంది. భూమి లోపల బొగ్గు నింపిన టబ్బులను, అంటే చిన్న పట్టాల బండ్లను, తాడుతో లాగే చోట, గంట మోతలే మాటలట. ఒక్క గంట వినబడ్డాక కదిలితే ప్రాణాల మీదికి వస్తుందట. "మా ఇంట్ల కూర ఏసేటప్పుడు గూడ కంచం మీద ఒక్కటి కొడితె మా అవ్వ ఆపుతది సార్" అన్నాడొకడు. మాది పొలాల మధ్య ఊరు, మా ఇంట్లో కంచం కొడితే వీపు మీద కొట్టేవాళ్ళు. పిల్లల పద్ధతే నేను నేర్చుకున్నాను. రెండు కొడితే కదిలేవాళ్ళు, ఒకటి కొడితే ఊపిరి కూడా ఆపి నిలబడేవాళ్ళు.

లారీలు తిరగని రోడ్డు కోసం వెతికితే ఒక్కటే దొరికింది. పైనుంచే నేలను తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని పక్కన ఖాళీ చేయించిన పాత కాలనీ. తలుపులు, కిటికీలు, రేకులు పీక్కుపోగా క్వార్టర్ల గోడలు మాత్రం మిగిలాయి. నంబర్లు ఇంకా చెరిగిపోలేదు. వంటిళ్ళ గోడల మీద పొగచూరిన మచ్చలు, ఒక వాకిట్లో దండెం, దానికి ఒక్కటే క్లిప్పు. అక్కడక్కడా నేల బీటల్లోంచి సన్నగా తెల్లటి పొగ లేచేది (అడుగున మిగిలిన బొగ్గు రగులుతూనే ఉంటుందట). పిట్ట కూడా అరిచేది కాదు. మధ్యలో మాత్రం నున్నటి, వెడల్పైన, మనుషులే లేని రోడ్డు. సైకిలు నేర్పడానికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

నేను ఉంటున్నది మా చిన్నమ్మ ఇంట్లో. ఆమె కాపురం పెట్టింది ఆ పాత కాలనీలోనే. విషయం వినగానే ఆమె చేతిలోని గరిట ఆగిపోయింది. "అటు వోకు బిడ్డా. మనుషులు వోయిండ్రు గానీ, షిఫ్టు ఇంక వోలేదక్కడ" అంది. ఆ కాలనీ చివర పాత బాయి (గనిలోకి దిగే చోటును ఇక్కడ అలాగే అంటారు), దాని పక్కన సైకిల్ స్టాండు ఉన్నాయట. గనికి దిగినవాడు మళ్ళీ ఇంటికి రాకపోతే, వాడి సైకిలును ఇంకెవరూ ముట్టరట. కొడుకో తమ్ముడో వచ్చి తీసుకుపోవాలి. అది కూడా ఎక్కి తొక్కకూడదు, ఇంటిదాకా నడిపించుకుంటూ పోవాలి. అలా సైకిలు నడిచివస్తుంటే వాకిళ్ళలో ఆడవాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదట. "ఒక్కాయన డ్యూటీలనే గుండె ఆగి పోయిండు. ముందు లేరు, ఎన్క లేరు. ఆ సైకిల్ తీస్కపోనీకె ఎవ్వలు రాలే. గాడ్నే ఉన్నదింక" అంది. నేను నవ్వి, రెండో ముద్ద కలుపుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా.

కాలనీలో మా శిక్షణ బ్రహ్మాండంగా సాగింది. ఒక్క సంగతి తప్ప. మధ్యాహ్నం రెండో షిఫ్టు సైరను దూరం నుంచి మోగగానే, క్వార్టర్ల వెనక ఎక్కడో గలగలమని చప్పుడయ్యేది. చెయిన్లు, మడ్‌గార్డులు, టిఫిన్ క్యారియర్లు ఒక్కసారిగా కదిలిన చప్పుడు. అది దగ్గరికి వచ్చేది, మా పక్క నుంచి వెళ్ళేది, బాయి వైపు పోయి ఆగిపోయేది. కంటికి మాత్రం ఏమీ లేదు. మొదటిసారి విన్నప్పుడు నేను రోడ్డు మధ్యలోనే ఆగి అటూ ఇటూ వెతికాను. పిల్లలు మాత్రం నెమ్మదిగా సైకిళ్ళను రోడ్డుకు ఎడమ అంచుకు దింపి నిలబడ్డారు. "ఎవరికిరా దారి ఇస్తున్నారు?" అన్నాను గొంతు సవరించుకుని. "షిఫ్టుకు సార్" అన్నాడొకడు మామూలుగా. ఎడమపక్క నియమాన్ని నేను చెప్పకుండా పాటించినందుకు వాళ్ళను మెచ్చుకున్నాను. గాలికి రేకులు కొట్టుకుంటున్నాయని వివరించాను కూడా (అక్కడ రేకులు లేవు, ఆ రోజు గాలీ లేదు, అది వేరే సంగతి). ఇంటికి వచ్చాక చిన్నమ్మకు మాత్రం చెప్పలేదు.

బ్యాడ్జి పరీక్షకు ముందు రోజు. రాత్రంతా వాన కురిసి వెలిసింది. ఆకాశం బూడిద రంగులో కిందికి దిగినట్టుంది. బీటల్లోంచి పొగ ఎక్కువగా లేచి రోడ్డు మీదే పాకుతోంది. ఆ రోజు పాఠం, వరసగా ఒకరి వెనక ఒకరు, బాయి దాకా ఉన్న వాలు రోడ్డు దిగి తిరిగి రావడం. ముందు ఓవర్‌మన్, చివర నేను (ముందున్నవాడు చెయ్యి చాపి సైగలు చెయ్యాలి కాబట్టి చివరి స్థానాన్ని నేను త్యాగబుద్ధితో తీసుకున్నాను). రెండు గంటలు కొట్టాను. కదిలారు. వాలులో సైకిళ్ళు వేగం అందుకున్నాయి, స్కార్ఫులు ఎగురుతున్నాయి. పొగలో ముందున్న పిల్లలు ఒక్కొక్కరే మసకబారిపోయారు. ఇంతలో దిగువ నుంచి, ఎడమ పక్కగా, ఒక్క గంట.

ట్రింగ్. అంతే. తేటగా, తొందర లేకుండా.

పిల్లలందరూ ఒక్క ఊపిరిలో ఆగిపోయారు. అందరి బ్రేకులూ ఒకే బ్రేకులా పడ్డాయి. ఆగనిది నేనొక్కణ్ణే. పొలాల ఊరివాడికి ఆ గంట చెవిలోంచి కాళ్ళలోకి దిగడానికి టైము పట్టింది. పిల్లలను ఒక్కొక్కరినే దాటుకుంటూ, ఓవర్‌మన్‌ను కూడా దాటి, ముందుకు దూసుకుపోయాను. "సార్! ఒక్క గంట సార్!" అని ఆమె వెనక నుంచి అరిచింది. అప్పుడు చూశాను. ముందు రోడ్డు లేదు. నిన్నటిదాకా ఉన్న రోడ్డు రాత్రి వానకు కుంగి, ఇల్లంత గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. లోపలి నుంచి వెచ్చటి పొగ, కాలిన బొగ్గు వాసన. ఏం చెయ్యాలో తోచక, వెనక పిల్లలు వస్తున్నారేమోనన్న భయంతో, పిల్లల ముందు మొదటిసారి హ్యాండిల్ మీది నుంచి చెయ్యి తీసి పైకెత్తాను, ఆగమని. ఎప్పటిలాగే, చెయ్యి తీసిన మరుక్షణం పడ్డాను. ఆ పడటమే నన్ను కాపాడింది. ముందు చక్రం గొయ్యి మీద గాలిలో తిరుగుతోంది. నేను అంచున బురదలో ఉన్నాను. ఓవర్‌మన్ వచ్చి నా స్కార్ఫు పట్టుకుని వెనక్కి లాగింది.

పిల్లలను చూసుకున్నాను. అందరూ ఉన్నారు. వాళ్ళు ఆ గంటకు ఆగకపోయి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. సిగ్గు లేకుండా అక్కడే కూర్చుని ఏడ్చాను. చిన్నవాళ్ళిద్దరు నన్ను చూసి వాళ్ళూ మొదలుపెట్టారు. కాసేపటికి, "బెల్లు కొట్టింది ఎవరురా?" అని అడిగాను. పిల్లల తలలన్నీ ఒకే వైపు తిరిగాయి. ఎడమ పక్క, పొగలో, పాత స్టాండు ఇనుప కమ్మీలు కనబడుతున్నాయి. అందులో ఒక్కటే సైకిలు, టైర్లు లేకుండా, మా వైపు తిరిగి ఉంది. ఏడుపులు పెరగబోతుండగా ఓవర్‌మన్ గట్టిగా, "నేనే కొట్టిన సార్. గొయ్యి కనవడ్డది, కొట్టిన" అంది. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. అందరికన్నా ఎక్కువ నాది.

మళ్ళీ సైకిలు ఎక్కే ధైర్యం ఎవరికీ లేదు. నడిపించుకుంటూ బయలుదేరాం. కొత్త కాలనీ మలుపు తిరిగేసరికి చిన్నమ్మ నీళ్ళ బిందెతో ఎదురొచ్చింది. తొక్కకుండా సైకిళ్ళు నడిపించుకుంటూ, మాటల్లేకుండా వస్తున్న వరసను చూసి ఆమె చేతిలోంచి బిందె జారింది. "ఎవ్వలు?" అంది. ఆ చుట్టుపక్కల వాకిళ్ళలోని ఆడవాళ్ళంతా బయటికి వచ్చి నిలబడ్డారు. నేను వంగి బిందె ఎత్తబోయాను. ఓవర్‌మనే, "ఎవ్వలు గాదు చిన్నమ్మా! అందరం ఉన్నం. లెక్కవెట్టుకో" అంది. చిన్నమ్మ ఒక్కొక్కరి తలా ముట్టి చూసింది, చివరికి నాది కూడా. తర్వాత నా వీపు మీద ఒక్కటి వేసింది. తల్లికి జవాబు చెప్పడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

బ్యాడ్జీలు అందరికీ వచ్చాయి. పరీక్షకు వచ్చిన సారుతో ఓవర్‌మన్ గురించి ఎంత గొప్పగా చెప్పానో. ఆమె ఇప్పుడు మైనింగ్ చదివి, నిజంగానే గనిలో ట్రైనింగ్‌లో ఉంది. మొన్న చౌరస్తా దగ్గర టీ కొట్టులో కలిసింది. పాత కబుర్లలో ఆ గంట మాట వచ్చింది. "ఆ రోజు నువ్వు కొట్టకపోతే ఏమయ్యేదమ్మా" అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టింది. "సార్, నా సైకిల్‌కు బెల్లే లేకుండె గద. మీరే నోటితోని కొట్టమన్నరు" అంది. టీ నా చేతిలో చల్లారిపోయింది. ఇన్నేళ్ళు ఆ సంగతి నాకెందుకు తట్టలేదో! భయపడ్డవాడికి ఏదో ఒక జవాబు దొరికితే చాలు కాబోలు. "పోరగాండ్లు ఏడుస్తుండ్రని అట్ల అన్న సార్. మీరు గూడ ఏడుస్తుంటిరి" అంది నవ్వి. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "తెల్లారి నేనొక్కదాన్నే పోయి, ఆ స్టాండుల సైకిల్ బెల్లు నొక్కి సూసిన. తుప్పువట్టి ఉన్నది సార్. కదల్లే."

ఆ కాలనీ, ఆ రోడ్డు, ఆ స్టాండు, అన్నీ ఇప్పుడు ఓపెన్‌కాస్టులో కలిసిపోయాయి. రోడ్డు ఉన్నచోట గాలి ఉంది, అడుగున ఎక్కడో బొమ్మల్లా డంపర్ లారీలు తిరుగుతున్నాయి. గని చుట్టూ వేసిన కంచె దాకా నేను అప్పుడప్పుడు సైకిలు మీదే వెళతాను. మలుపులో చెయ్యి చాపుతాను (ఇప్పటికీ రెండుసార్లకు ఒకసారి పడతాను, చూసినవాళ్ళు 'సారుకు వయసైంది' అనుకుంటారు, అనుకోనీ). కంచె దగ్గర నిలబడి, ఆ స్టాండులో సైకిలు వదిలిపోయినాయన కోసం రెండు గంటలు కొడతాను. అందరం క్షేమంగా ఇళ్ళు చేరాం, ఇక నువ్వు కదలొచ్చు కాకా, అని. కాసేపు చెవి ఒగ్గి నిలబడతాను. ఇంతవరకు బదులు రాలేదు. ఎప్పుడైనా వచ్చి, అది ఒక్క గంటే అయితే మాత్రం, ఈసారి అందరికన్నా ముందు నేనే ఆగుతాను.