వెనుక కడిగిన ఆకు

మా పెరటి గదిలో ఉండిన సైన్సు పంతులు లక్సెట్టిపేటలో పోయారని సోమవారం కబురొచ్చింది. దీపం పెట్టి దండం పెట్టుకున్నాను. ఆయన దగ్గర చదివినవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. మీకు తెలియనిది ఒకటి చెప్పాలి.

ఆయన ఖానాపూర్ పక్కన మా ఊరికి వచ్చింది పోలీసు చర్య అయిన కొత్తలో. కొత్త మనిషిని ఎవరూ నమ్మని రోజులు. ఆదివారం వస్తే అడవి అంచున, ఎండ తగలని, ఎప్పుడూ నీరూరే జాలు నేలలో మోకాళ్ల మీద కూర్చునేవారు. ఒకసారి బురదలో నీలి కాగితం ముంచితే ఎర్రబడిందట.

"మట్టిల్నించి నెత్తురు తీస్తుండు. మందులు పెట్టేటోడే," అంది మా అవ్వ.

ఆయన్నే అడిగాను.

"గా నీళ్లు పులుపున్నయక్కా. గా పులుపుల, నీడల బతికే ఆకు ఒకటున్నది. దాని పేరు పట్టాలె."

పేరు పట్టి ఏం చేస్తాడు? నా అనుమానం ఇంకా పెరిగింది.

అప్పుడే మా చిన్న చెల్లెలికి జ్వరం పట్టుకుంది. వారమైనా దిగలేదు. ఆయన బడికి పోయినప్పుడు గది ఊడుస్తూ, రాయి కింద ఒత్తిపెట్టిన పాత పత్రిక విప్పాను. పొడవాటి ఆకు. వెనుక, నడిమి ఈనెకు రెండు పక్కలా బారుగా గోధుమరంగు పొడి. పూత లేని, కాయ లేని ఆకుకు పొడి ఎక్కడిది? చెల్లెలికి పెట్టిన మందే అనుకున్నాను. రాజన్న దేవుణ్ని తలుచుకుని, కుంకుడు నురగతో తోమి, ఆరబెట్టి, మళ్లీ అక్కడే పెట్టాను.

సాయంత్రం ఆయన భూతద్దం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

"అక్కా, దీని ఎన్క పొడి ఉండె. గదే దీని విత్తనం. గది ఎట్ల మూటగట్టి ఉన్నదో జూస్తెనే పేరు దొరుకుతది. నువ్వేమన్న జూసినవా?"

"నాకేమెరుక పంతులూ."

"చీమలు తిన్నయేమో తియ్."

జాలులో ఆ మొక్క ఒక్కటే. మళ్లీ వెళ్లేసరికి బర్రెలు తొక్కేశాయి. ఆయన మా ఊళ్లో ఉన్నన్నాళ్లూ వెతికారు, దొరకలేదు. చెల్లె జ్వరం మాత్రం దిగింది. నా తోముడుతోనే దిగిందని అవ్వ అంటే నేను కాదనలేదు.

ఆయనకు తెలుసా? చాయ ఇచ్చినప్పుడల్లా ముఖం చూసేదాన్ని. ఏమీ కనపడేది కాదు. "పేరు పెట్టేముంగట తిప్పి జూడుండ్రి" అని మా ఇంటి పక్క బళ్లో మీకు చెబుతుంటే, గోడ ఇవతల నాకే చెబుతున్నట్టుండేది.

నిన్న ఆయన భార్య ఆ పత్రిక మడత పంపించింది, "అక్కకే ఇయ్యుమన్నడు" అని. మీద ఆయన రాత: "పేరు తెలియదు. వెనుక భాగం ఎవరో కడిగినారు."

ఆకు తీశాను. కింద కాగితం మీద, నేను తోమకముందే రాలిన పొడి, సన్నటి గోధుమ గీతలు రెండు, పక్కపక్కన. కొంగు దాకా చేయి పోయింది. తుడవలేదు.